ఇరవై ఆరో బిళ్ళ

మా పెద్దమ్మ ఇరవై ఎనిమిదేళ్ళలో పన్నెండు లక్షలమందిని భూమి పొట్టలోంచి బయటికి లాగింది. ఒంటిచేత్తో. కుర్చీలోంచి లేవకుండా. నమ్మకపోతే మీ ఇష్టం. లెక్క వేసింది నేనే. తొమ్మిదో తరగతి సగంలో బడికి దండం పెట్టి వచ్చేసినవాణ్ణి కాబట్టి నా లెక్కలింకా చెడిపోలేదు.

ఆవిడ పనిచేసింది బొగ్గు గని ల్యాంప్ రూంలో. ఒక కిటికీ, దాని వెనక ఛార్జింగుకి పెట్టిన టోపీ దీపాల వరసలు, గోడకి మేకులు కొట్టిన చెక్క బోర్డు, అంతే ఆ గది. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక దీపం, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తారు. పైకొచ్చాక బిళ్ళ ఆవిడ చేతిలో పెడితే ఆవిడ మేకుకి తగిలిస్తుంది. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం.

ఆ ఉద్యోగం ఆవిడకి మా పెదనాన్న చచ్చిపోయి ఇప్పించాడు. షిఫ్టు అయ్యాక ఆయన లోపల ఏదో మర్చిపోయానని వెనక్కి తిరిగాడట. "వాడు వెనకే వస్తున్నాడు" అని స్నేహితుడు ఆయన బిళ్ళ కూడా తనే ఇచ్చేశాడు. అప్పటి గుమాస్తా తగిలించేశాడు. బోర్డు నిండింది. లోపల కప్పు కూలింది. అందరూ పైనే ఉన్నారని బోర్డు చెబుతుంటే ఎవరు వెతుకుతారు? తొమ్మిది గంటలు ఎవరూ వెతకలేదు. తర్వాత ఆ గుమాస్తాని తీసేసి అదే కుర్చీలో పెద్దమ్మని కూర్చోబెట్టారు.

అందుకని ఆవిడకి ఒకటే రూలు. బిళ్ళతో పాటు మొహం రావాలి. ఒకసారి మేనేజరు తన బిళ్ళ ప్యూనుతో పంపిస్తే తిప్పి పంపిందట. ఆయన తిట్టుకుంటూ వచ్చి కిటికీలో తల పెట్టాడు. "మీ మొహం బావుంటుందని పిలవలేదు సార్, మెడ మీద ఉందో లేదో చూద్దామని పిలిచాను" అందట. ఈ ముక్క నేను కల్పించలేదు. కొంచెం సాగదీశానేమో, అది వేరే సంగతి.

గని మూసేశాక సామానంతా తుక్కు కింద అమ్మేశారు. పెద్దమ్మ పోయి ఆ బోర్డూ, నలభై బిళ్ళలూ తెచ్చుకుని హాల్లో తగిలించుకుంది. ఇంకొకరి ఇంట్లో ఫొటోలు ఉండే చోట మా ఇంట్లో మేకులుంటాయి.

మళ్ళీ ఆ బిళ్ళలకి పని దొరికింది మా ఊరి లైబ్రరీ మేడం వల్ల. ఊరి వెనక గుట్ట ఉంది. సగం రాయి తవ్వుకుపోయారు, మిగిలిన సగం మీద జనం చెత్త పోశారు. నెలకో ఆదివారం మేడం మమ్మల్నందర్నీ పోగేసి గుట్ట ఎక్కించేది. పొద్దున ప్లాస్టిక్ ఏరడం, మధ్యాహ్నం టార్పాలిన్ కింద కూర్చుని వంటింటి తుక్కుతో ఎరువు చేసే పాఠం, సాయంత్రం అడివిలో చిక్కుకుంటే బతికే విద్యలు. నీడని చూసి దిక్కు పట్టడం, తడి పుల్లలతో మంట పెట్టడం, తాడు ముళ్ళు. ముళ్ళ మేస్టార్ని నేనే. నేను వేసిన ముడి విప్పలేక ఒక లారీ డ్రైవరు తన పెళ్ళే వాయిదా వేసుకున్నాడు. అందరూ నన్ను ముడి అనే పిలుస్తారు.

గుట్ట మొదట్లో బల్ల, బల్ల వెనక బోర్డు, బోర్డు ముందు పెద్దమ్మ. ఎక్కేటప్పుడు బిళ్ళ తీసుకోవాలి, దిగాక ఇవ్వాలి.

ఇరవై ఆరో నంబరు వాచీ బాబాయ్‌ది. బజారు మలుపులో వాచీలు బాగుచేసే ఆయన. మాకు చుట్టం కాదు గానీ అందరికీ బాబాయే.

"మొహం," అనేది పెద్దమ్మ.

"ఇదిగో వదినా. పొద్దుటికీ ఇప్పటికీ ఏమన్నా మారిందా?"

"ముసలైంది. నడు."

ముళ్ళ క్లాసులో ఆయనంత మొద్దు ఇంకొకడు లేడు. ఆవగింజంత స్క్రూ బిగించే వేళ్ళు, తాడు ఇస్తే వణికేవి. "ఏం బాబాయ్, భూతద్దం తెప్పించమంటావా?" అని నేను ఏడిపిస్తే, "నీ నోటికి ముందు ముడెయ్యరా" అనేవాడు.

ఆ ఆదివారం అందరికంటే వెనక దిగుతున్నది మేమిద్దరమే. రాయి తవ్విన గొయ్యి పక్క నించి దారి. బాబాయ్ ఆగాడు. గొయ్యి అంచుకి కాస్త కింద ఒక సీసా కనిపిస్తోంది.

"వదిలెయ్ బాబాయ్. వచ్చే నెల ఏరుదువు గాని."

"పచ్చదిరా. ఒక్కసారి కన్ను పడ్డాక వదిలేస్తే ఇంటికెళ్ళినా బుర్రలో టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. నువ్వు పద. నా బిళ్ళ ఇచ్చెయ్. నేనిటు అడ్డదారిన దిగి బండి తీసుకుని పోతా."

ఆయన స్కూటరు ఎప్పుడూ అవతలి రోడ్డు మీదే పెట్టేవాడు. నేను తలాడించి వచ్చేశాను.

సరిగ్గా అప్పుడే వాన దంచింది. గుట్ట మీద వానంటే మీకు తెలీదు, మనిషికీ మనిషికీ మధ్య గోడ కట్టినట్టు పడుతుంది. పెద్దమ్మ పేర్లు రాసుకునే పుస్తకం తడవకుండా కొంగు కప్పుతోంది. మొహాలు చెరిగిపోయాయి. నేను చెయ్యి చాపాను, నా పదకొండు, ఆయన ఇరవై ఆరు. ఆవిడ రెండూ తగిలించింది. బోర్డు నిండింది. బోర్డు కూడా ఎక్కించుకుని అందరం వ్యాన్లెక్కి వచ్చేశాం.

ఏడున్నరకి బాబాయ్ భార్య ఫోన్ చేసింది.

"అక్కా, మీ మరిది ఇంకా మీ దగ్గరే ఉన్నారా?"

పెద్దమ్మ హాల్లో బోర్డు వైపు చూసింది. "లేడమ్మా, వచ్చేశాడు. బిళ్ళ ఉంది" అంది. అని ఆగిపోయింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది, అవతల పిన్ని "అక్కా, అక్కా" అంటోంది. పెద్దమ్మ నా వైపు తిరిగి, "వాడి మొహం నేను చూశానా?" అంది.

నా నోటికి ఎప్పుడూ లేని ముడి అప్పుడు పడింది.

టార్చిలేసుకుని వెతికాం. అడ్డదారి అంతా వెతికాం, రోడ్డు వెతికాం. స్కూటరు పెట్టినచోటే ఉంది. తెల్లారాక గొయ్యి అడుగున కనిపించాడు, ఒళ్ళంతా దుమ్ము. సీసా ఆయన సంచీలోనే ఉంది, పగల్లేదు. మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. చొక్కా చించి, రక్తం ఆగడానికి తొడకి కట్టుకున్నాడు. నేను నేర్పిన ముడే, సరిగ్గా వేశాడు. ఎప్పుడూ సరిగ్గా వెయ్యని మనిషి ఆ ఒక్కసారీ వేశాడు. అర్ధరాత్రి దాటేదాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు చెప్పాడు. సాయంత్రమే వెతికి ఉంటే, అని మొదలుపెట్టి మా మొహాలు చూసి ఆపేశాడు.

తర్వాతి ఆదివారం లైబ్రరీ హాల్లో కూర్చున్నాం. గుట్ట కార్యక్రమం ఉంచాలా ఎత్తెయ్యాలా అని మీటింగు. పిన్ని వచ్చింది. వస్తుందని ఎవరూ అనుకోలేదు. వెనక బెంచీలో కూర్చుని అంతా విన్నాక లేచింది.

"నాకు ఒక్కటే చెప్పండి. ఆయన గోతిలో ఉంటే ఆయన బిళ్ళ బోర్డు మీదకి ఎలా వచ్చింది?"

పెద్దమ్మ చీర కొంగులో ఇరవై ఆరో బిళ్ళ మూటగట్టి ఉంది, వేళ్ళతో దాన్నే తడుముతోంది. వారం నించీ అన్నం సరిగ్గా తిన్లేదు. ఆ గుమాస్తా పేరు మా ఇంట్లో నలభై ఏళ్ళు ఎవరూ ఎత్తలేదు. ఇవాళ్టినించి ఊళ్ళో పెద్దమ్మ పేరూ అలాగే అవుతుంది. ఆవిడ పేరుతో పాటు నాదీ.

నేను లేచాను. అబద్ధమాడటంలో నా అంతటివాడు లేడు కదా.

"పిన్నీ, వాన. కుండపోత. మనిషికి మనిషి కనపడలేదు."

"ఊళ్ళో చుక్క పడలేదే?"

"గుట్ట మీద వాన వేరు పిన్నీ. ఊరు ఎండలో ఉంటే అక్కడ దంచుతుంది. పన్నెండు లక్షలమందిని భూమిలోంచి లాగిన మనిషి మా పెద్దమ్మ. ఒక్క వాన మోసం చేసింది, అంతే."

లైబ్రరీ మేడం తల వంచుకుని, "అవును, చినుకులు పడ్డట్టే ఉన్నాయి" అంది. ఇంకో ఇద్దరు ఊఁకొట్టారు. పిన్ని కూడా కూర్చోబోయింది.

పెద్దమ్మ లేచింది. కొంగు విప్పి, వెనక బెంచీ దాకా నడిచి, బిళ్ళ పిన్ని చేతిలో పెట్టింది.

"నేనెవర్నీ లాగలేదు చెల్లీ. వాళ్ళ కాళ్ళతో వాళ్ళే పైకొచ్చారు. ఆ రోజు వాన లేదు. ఎండే. వీడు ఏదో కోతలు కోస్తుంటే నేను నవ్వుతున్నాను. రెండు బిళ్ళలిచ్చాడు. తీసుకున్నాను."