కలరా ఉండల టీ

కాజాలావిడ నోట్లో నోరు పెట్టి నెగ్గినవాళ్ళు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆవిడ పని. దర్జీలు కుట్టిన చొక్కాలను మూటగట్టి ఇంటికి పంపుతారు. ఆవిడ గుమ్మంలో వెలుతురుకు ఎదురుగా పీట వేసుకుని, దారాన్ని మైనం ముక్క మీద ఒకసారి లాగి, బొత్తాం బెజ్జాల చుట్టూ చేత్తో కుడుతుంది. మిషను కాజా కొన్ని ఉతుకులకే పళ్ళికిలిస్తుంది. ఆవిడ కాజా చొక్కా చిరిగినా చిరగదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, తెలుసన్న సంగతి వీధంతటికీ తెలుసు.

మొగుడు తాళాలు బాగుచేస్తాడు. ఊళ్ళో ఏ తాళమైనా తీస్తాడు గానీ ఇంట్లో నోరు తెరవడు. తెరవడానికి సందేది? కింద పెళ్ళాం, పైన అక్క. మొగుడు పోయాక తమ్ముడి పంచన చేరిన ఆ అక్కను కాజాలావిడ ఎదురుగా "వదినా" అంటుంది, చాటున "మేడమీది మహారాణి" అంటుంది. చాటంటే మరీ చాటేం కాదు, మెట్ల దాకా వినబడేంత చాటు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఈసారి గడ్డి బదులు టీ ఆకు పడింది, అంతే తేడా.

మహారాణి కూతురి కాన్పుకని వెళ్ళినప్పుడు తాళాలాయన పంపు దగ్గర రక్తం కక్కుకున్నాడు. గిన్నె పట్టింది, వీపు రాసింది, ఆటో పిలిచింది అన్నీ కాజాలావిడే. కడుపులో పుండు అన్నాడు డాక్టరు. రోజుకి టీ ఎన్నిసార్లని అడిగితే తాళాలాయన పైకప్పు వంక చూశాడు. "ఇక చుక్క ముట్టొద్దు" అన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే కాజాలావిడ టీపొడి డబ్బాను వాకిట్లో బోర్లించింది.

అదివరకు రోజూ సాయంత్రం కొట్టు మూసి వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని, గ్లాసు ఊదుకుంటూ ఆ రోజు తీసిన తాళాల ముచ్చట చెప్పేవాడు. ఆ మనిషి రోజు మొత్తంలో ఆడే మాటలు అవే. గ్లాసు పోయింది, దాంతో ముచ్చటా పోయింది. మహారాణి తిరిగొచ్చాక మనిషే పోయాడు. కొట్టు మూయగానే తిన్నగా మెట్లెక్కసాగాడు. ఓ రోజు దిగి వచ్చినప్పుడు మీసం మీద మీగడ తునక కనబడింది.

కాజాలావిడ చేతిలో సూది చేతిలో ఉండగానే మేడెక్కింది.

"వదినా, మా ఆయనకి టీ పోస్తున్నావా?"

"మా తమ్ముడికి పోస్తున్నా. మీ ఆయన సంగతి నాకు తెలీదు."

"డాక్టరు వద్దన్నాడు."

"డాక్టరన్నాడో, పాలు దండగని నువ్వన్నావో! వాడు నాకంతా చెప్పాళ్ళే."

ఏం చెప్పాడో అడుగుదామంటే పౌరుషం అడ్డొచ్చింది. రక్తం మాట ఎత్తి ఆవిడ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం కంటే సూది మింగడం నయం. "ఆయన్ని నా గుమ్మంలో ఎలా కూచోబెట్టుకోవాలో నాకు తెలుసు" అనేసి దిగొచ్చింది. తెలియదు. మాట మాత్రం అనేసింది.

చొక్కాలు దర్జీకి అప్పగించి వస్తుంటే ఓ రోజు వాన పట్టుకుంది. పక్కన కొత్తగా వెలిసిన కొట్టు చూరు కింద నిలబడితే లోపల్నుంచి గింజలు వేయించిన వాసన వచ్చింది. అద్దాల తలుపు వెనక అరల నిండా డబ్బాలు. మెడ దాకా జుట్టు కత్తిరించుకున్న ఓ పిల్ల బల్ల దగ్గర కూర్చుంది.

"తడుస్తున్నారు, లోపలికి రండి ఆంటీ. అన్నీ టీలే. కొరియావి, జపానువి, చైనావి."

"నేనెవరికీ ఆంటీని కాను. ఆ సీసాలో పచ్చడేంటి?"

"పచ్చడి కాదండీ, టీనే. కొరియావాళ్ళు ఒక నిమ్మజాతి కాయని తొక్కతో సహా తరిగి తేనెలో ఊరేస్తారు. చెంచాడు వేడినీళ్ళలో కలుపుకోవడమే."

"ఊరేసినదాన్ని టీ అంటారా! మరి ఆ పీచు?"

"మొక్కజొన్న పీచు. అదీ టీనే."

"కంకి ఒలిచి మేం చెత్తలో పారేసేది నువ్వు డబ్బాలో పోసి అమ్ముతున్నావన్నమాట. రేపు చీపురు పుల్లలు కూడా టీయే అంటావు."

"అంటే మీరే కొనేలా ఉన్నారు" అంది ఆ పిల్ల, నవ్వకుండా.

మాటకు మాట చెప్పేవాళ్ళ దగ్గరే కాజాలావిడ ఏదైనా కొంటుంది. "పాలు పొయ్యనక్కర్లేని టీ ఏదైనా ఉంటే చూపించు." పాలు లేనిది డాక్టరు వద్దన్న టీ కాదని ఆవిడ లెక్క.

"ఎవరికండీ? ఎందుకు?"

"ఎందుకో నీకెందుకు? అమ్ముతావా, ఆరా తీస్తావా?"

పిల్ల మూతి బిగించి కొరియా పచ్చాకు టీ డబ్బా దించింది. నీళ్ళు మరిగాక దించి, కాసేపు ఆగి ఆకు మీద పోయమంది. ఇంకా వాసనల గురించి ఏదో చెప్పబోయింది. పాలపళ్ళు ఊడని పిల్ల తనకు టీ పెట్టడం నేర్పడమేమిటని కాజాలావిడ అప్పటికే వానలోకి దిగింది.

ఆ సాయంత్రం గ్లాసులో లేత పసుపు నీళ్ళు చూసి, "ఆకుకూర ఉడికించిన నీళ్ళా ఇవి?" అన్నాడు తాళాలాయన. అంటూనే తాగాడు. మర్నాడూ మెట్లెక్కలేదు. గుమ్మంలో కూచుని, ఎవరిదో బీరువా తాళంలో చెవి విరిగి ఇరుక్కున్న కథ చెప్పాడు. "కొరియా టీ!" అంది కాజాలావిడ, మేడకు వినబడేలా.

వినబడింది. మహారాణి కిందకి దిగి, డబ్బా మూత తీసి వాసన చూసి, "గొడ్ల మేత" అని పోయింది. మూత తీసిన చెయ్యి రేపు డబ్బాలోకి దూరదని నమ్మకమేంటి? కాజాలావిడ డబ్బాను బీరువాలో మంచి చీరల మధ్య పెట్టి తాళం వేసింది. మూత వదులైందని చూడలేదు. చీరల మడతల్లో కలరా ఉండలు ఉన్న సంగతి గుర్తే లేదు. గుర్తున్నా, అవి డబ్బాలోకి నడిచొస్తాయా అనేది.

వారం తిరక్కుండానే తాళాలాయన ఒక గుక్క తాగి వాకిట్లో ఉమ్మేశాడు. "పురుగుల మందు కలిపావేంటే?"

మేడమీద కిటికీ తెరుచుకుంది. "కలరా ఉండల కషాయంరా తమ్ముడూ! ఇక్కడిదాకా కొడుతోంది. పైకి రా, మనుషులు తాగేది పోస్తాను."

ఆయన వెళ్ళాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు.

మర్నాడు కాజాలావిడ డబ్బాను కొట్టు పిల్ల బల్ల మీద ఠపీమని పెట్టింది. "చెడిపోయిన సరుకు అంటగడతావా!"

పిల్ల మూత తీసి మొహం తిప్పుకుంది. "బట్టల్లో పెట్టారా?"

"తాళం వేసి మరీ పెట్టాను."

"పక్కన ఏదుంటే దాని వాసన పట్టేస్తుందండీ టీ ఆకు. ఆ రోజు అదే చెప్పబోతే వెళ్ళిపోయారు. ఇంతకీ ఎవరికిది?"

ఈసారి కాజాలావిడ చెప్పింది, పంపు దగ్గర గిన్నె పట్టుకున్న సంగతితో సహా. చెప్పి, చెప్పించినందుకు ఆ పిల్ల మీదే గుర్రుమంది. పిల్ల అంతకన్నా గుర్రుమంది.

"కడుపులో పుండున్న మనిషికి ఆకు టీ పోస్తున్నారా? పాలు పొయ్యకపోతే అది టీ కాకుండా పోతుందా? ఎందుకని అడిగితే ఆరా అన్నారే! ఇదిగో, ఇందులో ఆకే లేదు. వేయించిన బార్లీ గింజలు, అంతే. కొరియాలో మంచినీళ్ళలా తాగుతారు. ముందు డాక్టర్ని అడగండి. సరేనంటే ఎంతసేపైనా మరగబెట్టుకోండి."

"నీ నోరు మంచిది కాదే."

"మీది విన్నాకే పాడైంది."

బార్లీకి డాక్టరు తలూపాడు. ఆ సాయంత్రం కాజాలావిడ గుమ్మంలో కాచుక్కూచోలేదు. మరిగిన గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని, గ్లాసులు కొంగులో వేసుకుని మెట్లెక్కింది. మహారాణి పొయ్యి మీద పాల టీ పొంగుకొస్తోంది. తాళాలాయన కుడితిలో పడ్డ ఎలకలా చూశాడు.

"నిన్నెవరు పిలిచారే?" అంది మహారాణి.

"పిలిస్తే వచ్చేదాన్నా?" కాజాలావిడ వెళ్ళి మహారాణి మంచం మీదే కూచుంది. "పోసెయ్ వదినా, నీ టీ పోసెయ్. మళ్ళీ రక్తం కక్కితే గిన్నె మాత్రం నువ్వే పట్టు. పోయినసారి నేను పట్టాను."

టీ వడకట్టబోతున్న మహారాణి చెయ్యి ఆగిపోయింది. "రక్తమేంటి?"

"తమ్ముణ్ణి అడుగు."

"గ్యాసన్నావు కదరా! పాలు దండగని పెళ్ళాం మాన్పించిందన్నావు కదరా!"

ఊళ్ళో తాళాలన్నీ తీసేవాడి నోరు తుప్పు పట్టిపోయింది. మహారాణి పొయ్యి మీది టీ మొత్తం తూములో పారబోసింది. తర్వాత మరదలి మీదకు తిరిగింది. "నువ్వైనా ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"నువ్వు అడిగి ఏడిస్తే చెప్పేదాన్ని."

ముగ్గురూ బార్లీ తాగారు. "మాడిన గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది" అంది మహారాణి. అని, గ్లాసు మళ్ళీ చాచింది. కాజాలావిడ సగమే పోసింది.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆ గిన్నె మేడెక్కుతోంది. తాళాలాయన మధ్యలో కూచుని తాళాల ముచ్చట చెబుతాడు. ఆడవాళ్ళిద్దరూ ఆయనకు ఊ కొడతారే గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బార్లీ డబ్బా ఎవరి వంటింట్లో ఉండాలన్నది మాత్రం తేలలేదు. తేలేదాకా అది మెట్ల మధ్య గూట్లో తాళం వేసి ఉంటుంది. దానికి రెండు చెవులు. ఒకటి కింద, ఒకటి పైన. తాళాలాయనకు ఇవ్వలేదు.