మాదాపూర్ చేన్ల దిగిన మా వదిన విమానం

నా నుదుటి మీద బొప్పి చూసి నవ్వుతున్నరు కద? నవ్వుర్రి, నవ్వుర్రి. ఇంట్ల తలుపుకు కొట్టుకున్న అనుకుంటున్నరేమో! కాదు భాయ్. ఇది ఆకాశంల తగిలిన దెబ్బ. చాయ్ తాగుకుంట వినుర్రి, ఎట్లయిందో చెప్త.

మా సుమిత్ర వదిన, అంటే నా భార్యకు సొంత అక్క, విమానం నడుపుతది. నిజంగనే! బేగంపేట ఫ్లయింగ్ క్లబ్బుల నేర్చుకున్నది. క్లబ్బోళ్లు పాతగైందని మూలకు నెట్టిన చిన్న విమానాన్ని కొని, బాగుచేయించుకున్నది. ముందు ఒక సీటు, వెనక ఒక సీటు, అంతే. ఇంజిన్ చాలు చేస్తే మన మోండా మార్కెట్ల పిండి గిర్నీ లెక్క చప్పుడు. కానీ వదిన చెయ్యి పడితే చాలు, పెంపుడు గుర్రం తీరుగ మాట వింటది.

ఆమెకు ఒక్కటే తక్లీఫ్. ఒక్కతే దూరం పోవాలంటే దారిల మ్యాపు చూసుకోవాలె. మ్యాపు విప్పాలంటే విమానాన్ని అటు ఇటు తిప్పే చేతిల కర్ర వదలాలె. కర్ర వదిలితే విమానం ఒక పక్కకు ఒరుగుతది. వచ్చే నెల నాగపూర్ దాక ఒక్కతే పోవాలని ఆమె ఆశ.

నాది రేడియో రిపేర్ దుకాణం. ఊకుంటనా?

"వదినా, ఆటోపైలట్ పెడుదాం!" అన్న.

"అది పెద్ద పెద్ద బాంబర్లకు పెడతరు వెంకటేశం. నీకొస్తదా?"

"రేడియో కన్నా కష్టమా ఏంది? నువ్వు ఫికర్ చెయ్యకు."

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక సికింద్రాబాద్ దండుల, అంటే కంటోన్మెంట్ల, మిలిటరీ సామాన్లు వేలం వేసిన్రు కద, అండ్ల దొరికింది ఒక డబ్బా. ఆహా, ఏం చీజ్ అనుకుంటున్నరు! మూత తీసి చూసి ఆ పూట అన్నం గూడ మరిచిన. లోపల ఇత్తడి బొంగరం. కరెంటిస్తే సుయ్యిమని తిరుగుతది. విమానం ఎటు ఒరిగినా బొంగరం మాత్రం నిటారుగ నిలబడుతది. ఒరిగిన సంగతి పట్టి, ఒక చిన్న మోటరుకు హుకుం ఇస్తది. ఆ మోటరు రెక్కల తీగ లాగి విమానాన్ని మళ్ల సాపుగ చేస్తది. ఎవడు కనిపెట్టిండో గని, వాని చేతులకు మొక్కాలె!

ఫిట్ చేసుడు మొదలుపెట్టిన. ముందట వదిన దగ్గర జాగ లేదు. వెనక సీటు వెనక సామాన్ల అర ఉన్నది, అండ్ల బిగించిన. మరి గుండీలు నా దిక్కు ఉండాలె కద? రేడియో అన్నంక గుండీలు మన దిక్కే ఉంటయి! అట్లనే తిప్పి పెట్టిన. డబ్బా మీద ఎర్రగ ఒక బాణం గుర్తు ఉండె. కంపెనీ ముద్ర కావచ్చు అనుకున్న.

బేగంపేటల నేల మీదనే పరీక్ష చేసినం. క్లబ్బు మెకానిక్ ఒక రెక్క పైకి లేపిండు. ముందట కర్ర తనంతట తానే కదిలింది!

"కదిలింది! వదినా, కదిలింది!" అని నేను ఎగిరిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. కర్ర కదిలిందా లేదా అని అందరం చూసినం. ఎటు కదిలిందో ఒక్కడు చూడలే.

ఆదివారం పొద్దుగాల లేచినం పైకి. వెనక సీట్ల నేను, ఒళ్లో చాయ్ ఫ్లాస్కు. హఫీజ్‌పేట్ స్టేషన్ దాక రైలు పట్టాల మీది నుంచి పోయి, మాదాపూర్ దిక్కు తిరిగినం. కింద అన్నీ పెద్ద పెద్ద రాతి గుండ్లు, నడుమ నడుమ జొన్న చేన్లు. వదిన విమానాన్ని సాపుగ నిలిపి, "ఇగ వెయ్యి" అన్నది. నేను బెల్టు విప్పి, వెనక్కి తిరిగి స్విచ్ వేసి, మళ్ల బెల్టు పెట్టుకున్న. ఆమె కర్ర వదిలి రెండు చేతులు పైకెత్తింది.

కొంచెంసేపు ఏం చెప్పాలె! నీళ్ల మీద పడవ పోయినట్టు పోయింది. నా ఛాతి ఇంత ఉబ్బింది.

"చూసినవా వదినా! ఇగ నువ్వు నాగపూర్ దాక నిద్రపోవచ్చు!" అని కప్పుల చాయ్ పోసుకున్న.

కప్పుల చాయ్ ఒక పక్కకు వంగింది. నా చెయ్యి వంగిందేమో అనుకున్న. చూస్తే కప్పు కాదు, విమానం!

కుడికి ఒరిగింది. డబ్బా దాన్ని ఎడమకు లేపాలె కద? లేదు! ఇంకింత కుడికే తోసింది. ఎంత ఒరిగితే అంత తోసుడు. చాయ్ అంత నా అంగీ మీద.

"బంద్ చెయ్యి వెంకటేశం!"

స్విచ్ నా వీపు వెనక ఉన్నది. బెల్టుతోని తిరగొస్తలేదు. బెల్టు విప్పిన. విప్పంగనే పోయి పక్క అద్దానికి ఠప్పున గుద్దుకున్న. బొప్పి అదే! గాబరల చేతికి ఏ తీగ దొరికితే అది పట్టుకొని గుంజిన. మోటరు ఆగింది. కానీ గుంజిన తీగలల్ల ఒకటి పోయి, రెక్కల తీగ తిరిగే గిరకల పడ్డది. గిరక బిగుసుకపోయింది. వదిన చేతిల కర్ర పక్కలకు కదుల్తలేదు!

నేనైతే నా భార్యను తలుచుకున్న. ముందటి సీటుకెల్లి వదిన గొంతు వచ్చింది, వంటింట్ల నిలబడి మాట్లాడినంత నిమ్మలంగ:

"వెంకటేశం, ఇగ ఏం ముట్టకు. బెల్టు కట్టుకో. చేతులు ఒళ్లో పెట్టుకో."

కర్ర పోతే పోయింది, కాళ్లున్నయి కద అన్నట్టు, కాళ్ల కింది పెడల్ తోటి తోక తిప్పుకుంట మెల్లగ మెల్లగ రెక్కలు సాపు చేసింది. ఊరి మీదికెల్లి బేగంపేట పోవుడు ప్రమాదమని, అక్కడనే ఒక కోసేసిన జొన్న చేను చూసుకున్నది. అటు గుండు, ఇటు గుండు, నడుమల చేను. గడగడగడమని ఊగి, ఆగింది. టైరు గూడ పంచర్ కాలే! కిందికి దిగి భూమికి మొక్కిన.

చేన్ల పనిచేస్తున్న ఒక పెద్దమ్మ కొంగు బిగించుకొని వచ్చింది. ఆమె వెనక నలుగురు.

"నువ్వే నడిపినవా బిడ్డా?"

"నేనే అమ్మా. పైరు మీద దిగలే, చూసే దిగిన."

"మరి గీయన ఎవలు?"

"మా మరిది. మిషిన్ల పని తెలిసినోడు."

పెద్దమ్మ నా తడిసిన అంగీ చూసింది, బొప్పి చూసింది. "పాపం, జర నీళ్లు తాపుర్రి" అన్నది.

వదిన మాత్రం విమానం చుట్టు తిరిగి, లోపలికి తొంగి చూసి, నన్ను పిలిచింది.

"ఈ బాణం ఎటు చూపిస్తుంది?"

"తోక దిక్కు."

"మనం ఎటు పోతున్నం?"

"...ముక్కు దిక్కు."

తిడుతదనుకున్న. పొట్ట పట్టుకొని నవ్వింది. డబ్బా ఉల్టా కూసుంటే దానికి కుడి ఎడమ గూడ ఉల్టా అయితది కద! పాపం అది దాని పని అది సక్కగనే చేసింది.

గిరకలకెల్లి తీగ తీసి, ఊడిన తీగలు మళ్ల కలిపి, డబ్బా తిప్పి బిగించిన. స్విచ్ తీగ పొడుగు చేసి, వదిన చేతికి అందేటట్టు ముందట పెట్టిన. ఈసారి రెక్క లేపిస్తే కర్ర ఎటు పోతుందో ఆమెనే కూసొని చూసింది. ఊరోళ్లు రాళ్లు ఏరి దారి చేసిన్రు. చేను చిన్నది, ఇద్దరి బరువుతోని లేవదని ఒక్కతే పోయింది. గుండ్ల మీదికెల్లి లేచి, ఒక చుట్టు తిరిగి, మా నెత్తి మీదికెల్లి పోయేటప్పుడు రెండు చేతులు కిటికీలకెల్లి బయటికి పెట్టి ఊపింది! విమానం గీత గీసినట్టు పోతుంది. పెద్దమ్మ ఈల వేసింది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, అబద్ధమెందుకు.

నేను ఎడ్ల బండి ఎక్కి హఫీజ్‌పేట్ల రైలు పట్టుకొని ఇల్లు చేరిన.

నిన్న వదిన దూరం పోయి చూస్తా అన్నది. వెనక సీట్ల బరువుంటే విమానం ఇంకింత నిలకడగ ఉంటదట. నేను గడ్డం గీసుకొని, ఇస్త్రీ అంగీ వేసుకొని బేగంపేట పోయిన. చూస్తే నా సీట్ల ఒక ఇసుక మూట!

"వదినా, ఇదేంది?"

"తూకం సరిగ్గ నీ అంతే పెట్టించిన వెంకటేశం. ఇది మాట్లాడది, అంతే తేడా."

కోపం తెచ్చుకుందామని దగ్గరికి పోయి చూసిన. ఏం చెప్పాలె భాయ్... బెల్టు పెట్టుకొని, నాకన్నా బుద్ధిగ కూసున్నది.