టేకు డబ్బీ, టీచరమ్మ సాంబ్రాణి

మా తమ్ముడు ఆ కొయ్య డబ్బీని నా చేతిలో పెట్టినప్పుడు అది కాటుక భరిణె అనుకున్నాను. పిడికిట్లో ఇమిడిపోయేంత ఉంది. టేకు చెక్కను అంచులు గుండ్రంగా తీసి, నూనె పట్టించి, పసిపాప బుగ్గంత నునుపు చేశాడు. పైన మూత, మూతలోంచి బయటికి వచ్చిన చిన్న గాజు గొట్టం. కాటుక భరిణెకు గాజు గొట్టం ఎందుకని ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. నేను మాత్రం “మస్తున్నదిరా, గిది నాకా?” అని మురిసిపోయాను.

“నీక్కాదక్కా. మా ఇంజనీరు సారుకు చేసిన. ఆయన వద్దన్నడు,” అన్నాడు మొహం వేలాడేసుకుని.

తమ్ముడు పటాన్‌చెరులో ఒక ఫౌండ్రీలో ప్యాటర్న్ పని చేస్తాడు. ఇనుప సామాను పోత పోసే ముందు దాని నమూనాను చెక్కతో చెక్కి ఇవ్వాలి. ఆ ఇంజనీరు ఫోన్‌లో ఏదో విదేశీ వస్తువు ఫొటో చూపించి, అచ్చం అలాంటిదే చేసిపెట్టమన్నాడట. లోపలి ఉక్కు గిన్నె, వేడి చేసే తీగ, బ్యాటరీ, గాజు గొట్టం అన్నీ ఆయనే తెప్పించాడు. వీడు కొయ్యపని చేస్తే చాలు. వీడు చేశాడు, కాకపోతే అలవాటు కొద్దీ ఫౌండ్రీ స్కేలు పట్టుకుని చేశాడు. కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది కాబట్టి ఆ స్కేలు మీద గీతలన్నీ అసలు కొలత కంటే వెంట్రుకవాసి పెద్దగా ఉంటాయి. కొయ్య ఎక్కడ ముడుచుకుంటుంది? గిన్నె లోపల లొడలొడా కొట్టుకుంది. ఫౌండ్రీ అంతా వీణ్ణి ఆటపట్టించింది. ఇంతలో ఇంజనీరుకు గుజరాత్ బదిలీ అయితే, అన్నీ వీడి మొహాన పడేసి వెళ్లిపోయాడు. వీడు పంతం కొద్దీ గిన్నె చుట్టూ రాగిరేకు చుట్టి బిగించాడు.

“ఇంతకు దీంట్ల ఏం పెడ్తర్రా?”

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి “గంజాయి” అన్నాడు.

నేను ఉలిక్కిపడి డబ్బీని కింద పెట్టేశాను. అప్పటిదాకా దాన్ని చెంపకు ఆనించుకుని ఉన్నాను.

“భయపడకక్కా. కాల్చుడు లేదు, పొగ లేదు. ఊకె ఎచ్చగ చేస్తది, ఆవిరొస్తది, గంతే. వాసన గూడ రాదు.”

“వాసన రాదని నాకు చెప్తున్నవా?”

వాడు నాలుక కరుచుకున్నాడు. ఎందుకంటే నాకు వాసన తెలియదు. ఊరందరికీ వచ్చిన జ్వరమే నాకూ వచ్చింది. పోతూ పోతూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. అందరికీ తిరిగొచ్చింది, నాకు రాలేదు. ఒక డాక్టరు రావచ్చన్నాడు, ఇంకో డాక్టరు రాకపోవచ్చన్నాడు. ఇద్దరినీ తప్పు పట్టడానికి లేదు. పచ్చిపులుసు పుల్లటి నీళ్లయిపోయింది. మటన్ ఉత్త నమలడమయింది. పాలు విరిగాయో లేదో గిన్నె వంచి చూస్తే తప్ప తెలియదు. అన్నిటికంటే పెద్ద బాధ నా ఒంటిది. నేను మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. పక్కనున్న అమ్మాయి కాస్త దూరం జరిగితే చాలు, నేను కంపు కొడుతున్నానేమోనని ప్రాణం పోయేది. పొద్దునా సాయంత్రం స్నానం చేసినా అనుమానం తీరేది కాదు. నాకు కావలసింది ఒక్కటే, నా ముక్కు నాకు తిరిగి రావాలి. మిగతావి ఎలాగో సర్దుకుంటాను.

అప్పటిదాకా నా ముక్కు ఎదురింట్లో ఉండేది. కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో తొమ్మిదో అంతస్తు మాది. ఎదురు తలుపు టీచరమ్మది. మిషన్ బడిలో చదువు చెప్పి రిటైరయిన ముసలావిడ, ఆదివారం చర్చి తప్పదు. నా పొయ్యి మీద పప్పు మాడితే ఆమె తలుపు తట్టేది. “బిడ్డా, నీ పప్పు,” అని వెళ్లిపోయేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకసారి గ్యాస్ పైపు వదులైతే, పరుగెత్తుకొచ్చి కిటికీలు తెరిచింది కూడా ఆమే.

డబ్బీకి ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తప్పని తెలుసు, పోలీసులు పట్టుకుంటారని తెలుసు. తమ్ముడు ఆ సరుకు ఎక్కడ సంపాదించాడో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. బహుశా ఆ టేకు నునుపే నన్ను ముంచింది. ఒక ఆదివారం సాయంత్రం వంటింటి కిటికీ కింద కూర్చుని, వాడు చూపించినట్టు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాను. ఏమీ కాలేదు. అరచేతిలో కొయ్య మెల్లగా వెచ్చబడింది, అంతే. ఆ వెచ్చదనం మాత్రం నాకు చాలా నచ్చింది. చలికాలం పొద్దున చాయ్ గ్లాసు పట్టుకున్నట్టు ఉంది.

తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు, పైన వాటర్ ట్యాంకు మోటారు చప్పుడులో ఎవరో దరువేస్తున్నట్టు తోచింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీలు వరసగా పోతుంటే, వాటికి అంత తొందరేమిటా అని నవ్వొచ్చింది. తమ్ముడి మొహం చూస్తే ఫౌండ్రీ స్కేలు గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. నవ్వి నవ్వి ఊపిరి తీసుకున్నప్పుడు ముక్కులోకి ఏదో వచ్చింది. టేకు పొట్టు! మా నాన్న వాకిట్లో చిత్రిక పడుతుంటే గాలికి లేచే టేకు పొట్టు వాసన.

“తమ్మీ, టేకు వాసనొస్తున్నదిరా!”

వాడు ముక్కు ఎగబీల్చాడు. “నాకేం వస్తలేదక్కా.”

వాడి మాటకు విలువేముంది? ఫౌండ్రీ పొగకు వాడి ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. ఆ మొద్దు ముక్కు పెట్టుకునే ఇంట్లో వాసన లేదని కూడా హామీ ఇచ్చాడు. విన్న నాకు అసలు ముక్కే లేదు. మా ఇద్దరికీ సరిపోయింది.

మర్నాడు లేవగానే డబ్బీని ముక్కుకు ఆనించి చూశాను. ఏమీ లేదు. తలుపు చెక్క చూశాను, మంచంకోడు చూశాను, ఏమీ లేదు. నిన్న వచ్చింది వాసనా, మత్తులో వచ్చిన కలా? కల అయితే అంత వివరంగా, పొట్టులో కలిసిన నూనెతో సహా ఎలా వస్తుంది? నిజమైతే పొద్దున ఎందుకు పోయింది? ఎవరినైనా అడుగుదామంటే డాక్టరుకు చెప్పే సంగతి కాదు. తల వేడెక్కిపోయింది. తేల్చుకోవాలని మళ్లీ ఆదివారం కూర్చున్నాను. ఒకసారి వచ్చేది, ఒకసారి రాకపోయేది. కొన్నాళ్లకు నేను ఆ వాసన కోసం కూర్చుంటున్నానో, నవ్వు కోసం కూర్చుంటున్నానో, చేతిలో వెచ్చబడే ఆ కొయ్య కోసమో నాకే అర్థం కాకుండా పోయింది. ఒకటి మాత్రం నిజం, వారమంతా ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఇంకో అయోమయం మొదలైంది. తమ్ముణ్ణి సాగనంపడానికి తలుపు తీస్తే, వరండా అంతా తెల్లటి పొగ. మా గుమ్మం పక్కనే ఒక సాంబ్రాణి కప్పు రగులుతోంది. పెట్టింది టీచరమ్మ. తర్వాతి ఆదివారం కూడా అదే. చర్చికి వెళ్లే మనిషి సాంబ్రాణి వేయడం నేనెప్పుడూ చూడలేదు. అందులోనూ తన గుమ్మం ముందు కాదు, నా గుమ్మం ముందు. మతం మార్చుకుందా అనుకుంటే మెడలో శిలువ అలాగే ఉంది. నా ఇంట్లో దయ్యం ఉందని ఎవరైనా చెప్పారా? నా మీద కోపమా?

“ఏంది టీచరమ్మా, సాంబ్రాణి?” అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“దోమలు బిడ్డా,” అంది.

తొమ్మిదో అంతస్తుకు ఎక్కాలంటే దోమకైనా లిఫ్టు కావాలి. నాకు నమ్మకం కుదరలేదు. కానీ పెద్దావిడను గుచ్చి గుచ్చి ఎలా అడుగుతాం? తమ్ముడితో చెబితే “ముసలామెకు పొద్దుపోతలేదేమో తియ్యి” అన్నాడు. ఆమె నా మొహంలోకి అదివరకటి కంటే కాస్త ఎక్కువసేపు చూస్తున్నట్టు అనిపించేది. అది కూడా నిజమో, నా అనుమానమో.

పటాన్‌చెరు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఒక వాగు ఉంది. సాయంత్రం పూట దాని కంపు ఎలాంటిదో ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు. వంతెన రాగానే ఆటోలో అందరూ చున్నీలు, కర్చీఫులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నా ముక్కు పోయాక వాళ్లను చూసి నేనూ పెట్టుకునేదాన్ని. లేకపోతే వింతగా చూస్తారు. ఎప్పుడూ అందరికంటే చివర లేచేది నా చెయ్యే.

ఒక శనివారం షిఫ్టు దిగి, అలిసిపోయి, ఆటోలో కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి చున్నీని ముక్కుకు అదుముకుంది. కళ్లు తెరిచి చూస్తే మిగతావాళ్లంతా మామూలుగా కూర్చుని ఉన్నారు. వంతెన ఇంకా రాలేదు! ఆటో ఇంకొంచెం ముందుకు పోయాక ఒక్కొక్కరే ముక్కులు మూసుకున్నారు. నేను చున్నీ తీసేశాను. కుళ్లిన గుడ్లు, మందుల గోలీలు, కాలిన రబ్బరు కలిసిన ఆ దిక్కుమాలిన కంపును గుండెల నిండా పీల్చాను. పుట్టినప్పటినుంచి తిట్టుకున్న ఆ కంపు కోసం వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కనున్న ఆవిడ “ఏమైందమ్మా, వాంతి వస్తున్నదా?” అని ఆటో ఆపమంది.

డబ్బీ వల్ల వచ్చిందో, దానంతటదే వచ్చిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

మర్నాడు తమ్ముడు వచ్చాడు. సంగతి చెబితే ఎగిరి గంతేశాడు. అయితే ఇవాళ టేకు వాసన అసలుది చూద్దామని డబ్బీ వెచ్చజేశాడు. నేను ఆత్రంగా మొహం దానికి దగ్గరగా పెట్టాను. టేకు కాదు. ఎక్కడా టేకు లేదు. మాడిన మక్క పేలాలు, మగ్గిన గడ్డి, వాటి వెనక నక్కి నక్కి వచ్చే ఒక ఘాటు. వంటిల్లు దాటింది, హాలు దాటింది, నేను దాని వెంటే నడిచాను. తలుపు సందులోంచి నింపాదిగా వరండాలోకి పోతోంది.

ఇన్ని ఆదివారాలూ ఇదేనా? అంతస్తు మొత్తానికి తెలిసిందా, నాకు తప్ప?

తలుపు తీశాను. టీచరమ్మ మా గుమ్మం పక్కన వంగి సాంబ్రాణి కప్పు పెడుతోంది. తలెత్తి నన్ను చూసింది. ఆ పొగ కూడా మొదటిసారి నా ముక్కుకు తగిలింది, నేను గట్టిగా పీల్చాను. ఆమె నా ముక్కుపుటాల వంకే చూసింది.

“వచ్చిందా?” అంది.

తల ఊపాను. “మీకు ముందుగాలనే ఎరుకనా?” అని సిగ్గుపడుతూ అడిగాను.

“నీ పప్పు మాడితె ఎరుకైతది, గిది ఎరుకగాదా? లిఫ్టు దాంక కొడుతుండె. పక్కింటోళ్లు అడిగిండ్రు, మా చర్చోళ్లు గూడ వచ్చి అడిగిండ్రు, ఏంది టీచరమ్మా, కొత్తగ సాంబ్రాణి మొదలువెట్టినవని. అందరికీ దోమలనే చెప్పిన.”

“మరి నాకెందుకు చెప్పకపోతిరి?”

టీచరమ్మ నడుము పట్టుకుని మెల్లగా నిలబడింది. “ఏమని చెప్పాలె బిడ్డా? తప్పు పనే, కాదంటలేను. కని వారమంత నీ ఇంట్లకెల్లి చప్పుడే రాదు. గా ఆదివారం నాడే నీ నవ్వు వినవడుతుండె.”

ఆమె వంగి, రగులుతున్న కప్పును తీసి నా చేతిలో పెట్టింది.

“ఇగ నీ ముక్కు నీకొచ్చింది గద. నీ సాంబ్రాణి నువ్వే ఏసుకో,” అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.