అవసరం లేదన్న మాట

పుదుచ్చేరి మురుంగపాక్కంలో మా భజన మందిరం పక్కగదిలో రెండు బియ్యం డ్రమ్ములుంటాయి. మా గోష్ఠిలోని ఇళ్లవాళ్లు రోజూ వంటకు ముందు ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, శనివారం తెచ్చి ఆ డ్రమ్ముల్లో పోస్తారు. పప్పు, నూనె, చింతపండు కొట్లవాళ్లు ఇస్తారు. భజన ముగిసి హారతి అయ్యాక, ఇల్లు గడవని కుటుంబాలకు అన్నీ సంచుల్లో సర్ది ఇస్తాం. మా పిల్లలు దీనికి ఫుడ్ బ్యాంక్ అని పేరు పెట్టారు. పెద్దమ్మ మాత్రం "సామి డ్రమ్ము" అంటుంది.

పెద్దమ్మ నాకు బంధువు కాదు. మందిరానికంతా పెద్దమ్మ. తెలుగు అక్షరం రాదు, కథలన్నీ చెవితో నేర్చుకుంది. నేను మా నాన్న దగ్గర పురాణం చదవడం నేర్చుకున్నాను. గోష్ఠిలో చదివి అర్థం చెప్పేది నేనే. ఇంట్లో అందరిలాగే అరవం కలిసిన తెలుగు మాట్లాడతాను గానీ, మందిరంలో అడుగు పెడితే నా నోట పుస్తకాల తెలుగే వస్తుంది. "చెప్పులతో పాటు మన బాస కూడా బయట ఇడిసొస్తాది ఈమె" అని పెద్దమ్మ ఎగతాళి.

అరియాంకుప్పం నుంచి ఒకామె బస్సులో వచ్చేది. భర్త గోరిమేడు దగ్గరి ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. ఇద్దరు పిల్లలకు బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం అక్కడే దొరికేది. సెలవు రోజుల్లో మా సంచే ఆధారం.

భర్త ఇంటికొచ్చాడని విన్న వారం, మందిరంలో జనం ఎక్కువయ్యారు. ఆమె వంతు రాగానే, వెనకాల ఇంకో కుటుంబం నిలబడి ఉండటం చూసి, "నీకు అవసరమా అమ్మా?" అని అడిగాను.

"అవసరమేం లేదక్కా. వాళ్లకియ్యి" అని ఆమె పక్కకు జరిగింది.

భర్త పనికి పోతున్నాడు కాబోలనుకున్నాను. కళ్లు చెమ్మగిల్లాయి. ఉన్న చివరి సంచి వెనకవాళ్లకిచ్చి, డ్రమ్ముకు మూత పెట్టేశాను. ఆమె స్తంభం దగ్గర కాసేపు నిలబడి, ప్రసాదం తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజే గోష్ఠి వాట్సాప్ గ్రూపులో ఆమెను మెచ్చుకుంటూ వాయిస్ మెసేజ్ పెట్టాను. మరుసటి శనివారం ఆమె రాలేదు. నాకది ఇంకా గొప్పగా తోచింది. హారతికి ముందు అందరికీ చెప్పాను, తనకు చాలగానే పక్కవారికి వదిలిన ఆ తల్లిలో నాకు స్వామి కనబడ్డాడని.

పెద్దమ్మ లేచింది. "ఏయ్, నువ్వేమడిగినావు ఆమెని?"

"నీకు అవసరమా అని."

"దానికి?"

"అవసరమేం లేదంది."

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "అవసరమంటే తొందర గదే! మనింట్లో దేనికంటాం ఆ మాట? తొందర లేదు, వాళ్లకి ముందియ్యి, నేను నిలబడతా అనింది ఆ బిడ్డ. నువ్వు మూత పెట్టేస్తివి. దానికో ప్రసంగం మళ్లా!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నిజమే, మా ఇంట్లో బస్సుకు పరిగెత్తేటప్పుడు నేనూ అవసరం అవసరం అనే అరుస్తాను.

హారతి కాగానే సంచి నింపుకుని పెద్దమ్మా నేనూ అరియాంకుప్పం బస్సెక్కాం. ఇల్లు వెతికి పట్టుకుంటే, ఆమె గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"వద్దులే అక్కా. నలుగురి ముందర ఉత్త సంచి మడిచి చంకలో పెట్టుకోని వొచ్చినా. మా చిన్నది అడిగింది, ఏమ్మా, సామికి ఈ వారం లీవా అని."

జరిగింది చెప్పాను. దాచకుండా, ప్రసంగంతో సహా. ఆమె నోరు తెరుచుకుని విని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అయినా సంచి అందుకోలేదు.

"గడపలో పెట్టి పోతే తీసుకోను. లోపలికి రండి. ఇద్దరూ కూర్చుంటేనే సంచి విప్పుతా. వండుతా, తిని పోండి."

"ఈరోజు శనివారం కదమ్మా, నాకు ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా..."

"అట్లైతే ఎత్తుకోని పోండి."

పెద్దమ్మ నా చేయి గిల్లింది. పేద భక్తుల ఇళ్లలో స్వామి అడిగి మరీ తిన్నాడని ఎన్నేళ్లుగానో గోష్ఠిలో చెబుతున్న నోరు నాది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆమె సంచి మూతి విప్పింది.

మంచం మీది నుంచి భర్త, "వాళ్లకి చేతులకు నీళ్లియ్యి" అని సన్నగా కేకేశాడు. మనిషి లేచే స్థితిలో లేడు. పనికి పోతున్నాడని నాకు నేనే ఎలా అనుకున్నానో!

అన్నం, చారు, రెండు అప్పడాలు. నేను మొదటి ముద్ద నోట పెట్టుకునేదాకా ఆమె గరిటె పట్టుకుని నిలబడే ఉంది. తర్వాతే పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టింది.

"చారు ఎట్లుండాదక్కా?"

"ఉప్పు కొంచెం తక్కువ."

పెద్దమ్మ నావైపు గుడ్లురిమి చూసింది. ఆమె మాత్రం తడుముకోకుండా, "డబ్బాలో అయిపోయింది. వొచ్చే శనివారం సంచిలో ఉప్పు కూడా వెయ్యి" అంది.