మా అత్త పిండిమరను నేను బాగుచేసిన వైనం

ముందే ఒప్పుకుంటున్నాను: నాకు పెంచి చెప్పే అలవాటు ఉంది. చీమ కనబడితే దానికి తొండం తగిలించనిదే నాకు అన్నం సహించదు. కాబట్టి ఇందులోని అంకెలనూ, ఎత్తులనూ, చప్పుళ్లనూ సగానికి తగ్గించుకొని చదువుకోండి. ఈ ఉదయం తిరుపతిలో మా ఇంటి గుమ్మం ముందు ఎవరో రాగిపిండి పొట్లం పెట్టి, గంట కొట్టి, నేను చొక్కా తొడుక్కొని వచ్చేలోపే లిఫ్టులో మాయమయ్యారు. ఫోనులో ఆర్డరు నొక్కి తొమ్మిది నిమిషాలు కాలేదు. ‘ఏమప్పా, ఎండ ఎట్లుండాది’ అని అడుగుదామన్నా మనిషి లేడు. ఇంట్లోనూ నేనొక్కణ్ణే. పొట్లం చేతికి చల్లగా తగిలింది. నాకు తెలిసిన పిండి చల్లగా ఉండదు. చిత్తూరులో మా మేనత్త మరలోంచి గుడ్డగొట్టం గుండా డబ్బాలోకి దిగే పిండి, అప్పుడే స్నానం చేయించిన పసిబిడ్డ ఒళ్లులా వెచ్చగా ఉండేది.

మామ పోయాక ఆ మర ఆమె ఒక్కతే నడిపేది. పిల్లల్లేరు. మర వెనక గదిలోనే కాపురం. మోటారు వేసిందంటే ఆ చప్పుడుకు తమిళనాడు సరిహద్దు నాలుగు అంగుళాలు అవతలికి జరిగేది. అత్త కనుబొమల మీద పేరుకున్న పిండితో ఒక పూట దోసెలు పోసుకోవచ్చు. మర ముందు పొడుగాటి బెంచీ, దాని మీద ఆడవాళ్లు, వాళ్ల కాళ్ల దగ్గర డబ్బాలు. ముందు బియ్యం, తర్వాత గోధుమలు, రాగులు, అన్నిటికంటే చివర మిరపకాయలు ఆడాలి. మిరపకాయల తర్వాత ఏది పోసినా, అది తిన్న ఇల్లంతా కన్నీళ్లే. అయితే అత్త ఈ వరసను సాకుగా వాడుకొనేది. మొదట వచ్చినామె డబ్బాను పక్కకు జరిపి, “కూసో మే, బెల్టు వేడెక్కనీ” అనేది. ఆ బెల్టు వేడెక్కేలోపు వీధిలో ఒక పెళ్లి కుదిరి, చెడి, మళ్లీ కుదిరేది.

నేనప్పుడు సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. క్షణాలు ఎక్కడ వృథా అవుతున్నాయో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. నాలుగు రోజుల సెలవు మీద అత్త ఇంటికి వచ్చి, ఫోనులో గడియారం పెట్టుకొని మర పక్కన నిలబడ్డాను. డబ్బా పిండి ఆడడానికి ఐదు నిమిషాలు, కూర్చోవడానికి రెండు గంటలు! ఆ సాయంత్రమే నంబరు బిళ్లలు చేయించాను. డబ్బాకొకటి, మనిషికొకటి. పొద్దున డబ్బా ఇచ్చిపోవాలి, సాయంత్రం పట్టుకుపోవాలి. మిరపకాయలు శనివారం మాత్రమే. దారికి అడ్డమని బెంచీని గదిలోకి చేర్చాను.

“బాగుండాది అల్లుడా, ఫ్యాక్టరీ మాదిరే ఉండాది” అంది అత్త.

రెండో రోజు పదిన్నరకల్లా పనంతా అయిపోయింది. మోటారు ఆగింది. చిత్తూరులో అంతటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పక్కింటి గోడ మీద బల్లి గుటక వేయడం కూడా వినబడింది. అత్త మరను ఒకసారి తుడిచింది. మళ్లీ తుడిచింది. గుమ్మంలోకి పోయి వీధికి అటూ ఇటూ చూసింది.

“ఇంగ సాయంత్రం దాకా నేనేం సేసేది రా?”

“పడుకో అత్తా, హాయిగా.”

ఆమె మూడోసారి తుడవడం మొదలుపెట్టింది.

మూడో రోజు పొద్దున్నే మర మీదికి దండయాత్ర వచ్చింది. పాతికమంది, మీరు పదిమంది అనుకోండి. “ఏమక్కా, గోదుమలు పోస్తే రాగిపిండి ఇస్తివే! సపాతీలడిగితే మా ఆయనకు సంగటి కెలికి పెట్టాల్నా?” అని ఒకామె. “నా బియ్యప్పిండి యాడికి పాయ?” అని ఇంకొకామె. “నాకేం తెలుసు మే? ఈ నంబర్లన్నీ మా అల్లుడివి. వాణ్ణే అడగండి” అని అత్త. మూతలు తీసి, వాసన చూసి, మార్చుకొని, ఎవరి మొగుడు ఏమన్నాడో చెప్పుకొని, నా ముఖం చూసి నవ్వుకొని, బెంచీ లేకపోతే మెట్ల మీదే కూర్చొని, వాళ్లు కదిలేసరికి ఒంటిగంట. అత్త ముఖం పిండి కింద కూడా వెలిగిపోతోంది.

నా ఏర్పాటు తప్పడమన్నది జరగదు. వాళ్లు పోయాక నేరుగా అడిగాను: “బిళ్లలు మార్చింది నువ్వే కదా అత్తా?”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “బిళ్ల తీసుకున్నోళ్లు ఎవురూ కూసోరు రా. పిండి మార్చిస్తే, అరిసేదానికైనా వస్తారు.”

ఆ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. బిళ్లలన్నీ మూటగట్టి అటక మీద పారేశాను. బెంచీని నేనే మోసుకొచ్చి వేశాను. నాలుగో రోజు పొద్దంతా దాని మీద, ఆడవాళ్ల మధ్య, అత్తకు ఎదురుగా కూర్చున్నాను.

చప్పుడూ, బల్లీ, దండయాత్రా అన్నీ కొంచెం అటూ ఇటుగా నిజమే. ఈ చివరి ముక్క ఒక్కటే నేను కల్పించాను. నిజానికి, “ఇట్లా చేస్తే గిరాకీ పోతుంది” అని ఆమెను కోప్పడి, ఇక మార్చడానికి వీల్లేకుండా డబ్బాలన్నీ మళ్లీ తెప్పించి వాటి మీదే రంగుతో నంబర్లు రాయించి, ఆ సాయంత్రమే బస్సెక్కాను. ఆ తర్వాత ఒక్క డబ్బా తారుమారు కాలేదట. ఆమె బతికున్నన్నాళ్లూ మర పదిన్నరకే ఆగిపోయేదని, ఆమెను సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్లు చెప్పారు. మనిషికి కాలాన్ని మిగిల్చి పెట్టడం కష్టమేమీ కాదు. మిగిలిన ఆ కాలం ఒంటరిగా కూర్చున్నవాళ్లకు ఎంత పొడుగో, అది మాత్రం ఎంత పెంచి చెప్పినా తక్కువే.