మోకాలెత్తు అల

అలల గురించి మాట్లాడడానికి నాకంటే అర్హుడైన తెలుగువాడు ఈ దీవుల్లో ఇంకొకడు లేడు. పోయిన నెల బెల్‌ఫాస్ట్‌లో ఎవరి పాపదో పుట్టినరోజైతే వెళ్ళాం. కమ్యూనిటీ హాల్లో పేపరు ప్లేటు పట్టుకుని పులిహోర దగ్గర క్యూలో నిలబడితే, ముందున్న ఐటీ ఆయన వెనక్కి తిరిగి, "అంకుల్, రిటైరయ్యాక టైంపాస్ ఎలాగండీ? గార్డెనింగా?" అన్నాడు. ఆ గార్డెనింగ్ అన్న మాట నాకు గుచ్చుకుంది. "అరవై అడుగుల అలల మీదికి మనుషుల్ని దించడం బాబూ మన పని. కొండ అంచున నిలబడి రేడియోలో నేను చెబితేనే కింద కదిలేవాళ్ళు" అన్నాను. ఆయన గరిటె గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనకాల క్యూ మొత్తం ఆగింది. నా జన్మకి అది చాలు.

రాతలో ఇంత కోత కోస్తే బాగుండదు కాబట్టి ఇక్కడే తగ్గించుకుంటాను. అరవై కాదు, ఎంత లాగినా ముప్ఫై. మనుషులు కాదు, ఒక్కడే మనిషి, మా అల్లుడు. రేడియో అంటే పిల్లలు ఆడుకునే వాకీటాకీకి పెద్దన్నయ్య లాంటిది. లండన్‌లో హారో వైపు బడిపిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, అంకెల్ని ఇలా సాగదీయడం నాకెక్కడ అబ్బిందో తెలియదు. మిగతాది మాత్రం నిజం. మా అల్లుడు నిజంగానే పెద్ద పెద్ద అలల మీద బోర్డెక్కి సర్ఫింగ్ చేయడమే వృత్తిగా బతికినవాడు. ఉత్తర ఐర్లండ్ ఒడ్డున పుట్టాడు. మా అమ్మాయి ఫిజియోథెరపిస్టు. భుజం జారి ఆమె దగ్గరికి వచ్చాడు, భుజం కుదుటపడ్డాక కూడా రావడం మానలేదు. అప్పట్లో మేం హారో పక్కనే స్టాన్‌మోర్‌లో ఉండేవాళ్ళం. అల్లుడేం చేస్తాడని అక్కడి ఆంటీలు అడిగితే మా ఆవిడ కాసేపు ఆలోచించి, "సముద్రం డిపార్ట్‌మెంటు" అనేది. సగం మంది నేవీ అనుకున్నారు. మేమూ కాదనలేదు.

నా రిటైర్మెంట్ తర్వాత బెల్‌ఫాస్ట్‌కి గంట దూరంలో ఉన్న ఈ చిన్న ఊరికి, అమ్మాయి ఇంటి కింది గదుల్లోకి వచ్చేశాం. అంతటి వీరుణ్ణి రోజూ దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు అలా కలిగింది. పత్రికల అట్టల మీద కొండంత నీళ్ళ కింద చీమలా కనిపించే మనిషి, ఇంట్లో పొద్దున్నే లేచి మేజోడు తొడుక్కోవడానికి మంచం పట్టె పట్టుకుని మూలుగుతాడు. యాభై దాటాయి. మోకాళ్ళు కిర్రుమంటాయి, మెడ ఒక పక్కకే తిరుగుతుంది. ఏళ్ళ తరబడి చన్నీళ్ళు తగిలి చెవిలో ఎముక పెరిగింది, ఒక చెవికి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా క్యూలో ఉంది. ఆ వినపడని చెవి వైపే మా ఆవిడ నిలబడి అన్నం వడ్డిస్తుంది. అతనికి తెలుగులో వచ్చినవి మూడే మాటలు: మామగారూ, పెరుగు, చాలు. మూడోది మా ఆవిడ ఏ చెవికీ ఎక్కదు.

కెటిల్ ఆన్ చేసి, నీళ్ళు మరిగేదాకా ఊపిరి బిగబట్టి వంటింట్లో నిలబడడం, అల కింద చిక్కుకున్నప్పటి కోసం అతని సాధన. మొదటిసారి అలా నీలంగా మారిన మొహం చూసి మా ఆవిడ వీపు మీద ఒక్కటి చరిచింది. లీజర్ సెంటర్ ఈతకొలను అడుగున బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. కొత్తగా చేరిన లైఫ్‌గార్డు ఎవరైనా సరే ఒకసారి దూకి బయటికి లాగాల్సిందే, వాళ్ళకది ట్రైనింగ్‌లో భాగమైపోయింది. మధ్యాహ్నాలు వెట్‌సూట్‌కి అతుకులు, విరిగిన బోర్డులకి రెజిన్ పూతలు. వేసవిలో బడిపిల్లలకి మెత్తటి ఫోమ్ బోర్డుల మీద పాఠాలు. సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే మా ఆవిడ నువ్వుల నూనె వెచ్చచేసి గిన్నె అతని పక్కన పెడుతుంది, మోకాళ్ళకి రాసుకుంటూ ఫోన్‌లో తుఫాను మ్యాపులు చూస్తాడు, ఆవిడ క్యాలెండర్‌లో రాహుకాలం చూసినంత శ్రద్ధగా.

అల్లుడు నాకు ఉద్యోగం ఇచ్చింది ఒక శీతాకాలంలో. పెద్ద అల వచ్చే రోజున నీళ్ళల్లో ఉన్నవాడికి దాని వెనకాల ఇంకెన్ని లేస్తున్నాయో కనిపించదు. కొండ అంచున ఒకడు బైనాక్యులర్స్ పట్టుకుని చెప్పాలి. ఎప్పుడూ చెప్పే అతని స్నేహితుడు ఎడిన్‌బర్గ్ వెళ్ళిపోతే ఆ పని నాకు దఖలు పడింది. ఇక్కడే ఒక చిక్కుంది. ఈ సర్ఫింగ్ జాతి అంతా పిసినారులు. ఇంటి కప్పంత అలని చూసి "పర్లేదు, పదడుగులుంటుంది" అంటారు. తగ్గించి చెప్పడమే వాళ్ళకి మర్యాద. మాది కాకినాడ వైపు. మాకు అల అంటే తాటిచెట్టంత, లేకపోతే అది అలే కాదు. నేను వాకీటాకీలో "కొండ వస్తోంది, కొండ! నలభై!" అని అరిస్తే, కింద అతను తీరిగ్గా "సరే మామగారూ" అనేవాడు. నేను చెప్పినదాన్ని మూడుతో భాగిస్తే సరిగ్గా తన లెక్క వస్తుందట. నేను ఎప్పుడూ ఒకే పాళ్ళలో పెంచుతాను కాబట్టి నా అంత నమ్మకమైన స్పాటర్ దొరకడని స్నేహితులతో అనేవాడు.

అలా కొన్ని శీతాకాలాలు గడిచాక అల్లుడి మెడ స్కాన్ రిపోర్టు వచ్చింది. ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే చేతులు పనిచేయకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అతను విని, తలూపి, కెటిల్ ఆన్ చేసి ఊపిరి బిగబట్టాడు. మానేస్తానని అనలేదు, మాననని కూడా అనలేదు. మా అమ్మాయి రోజూ ఇలాంటి మెడల్ని చేతుల్లో పట్టుకునే మనిషి. ఒకసారి నన్ను కారులో కూర్చోబెట్టుకుని, "నాన్నా, నేను చెప్తే నర్సులా చెప్తున్నానంటాడు. నువ్వు చెప్పు. హీ లిజన్స్ టు యూ" అంది. స్టీరింగ్ మీద ఆమె వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఒకడి జీవితమంతా ఒక్కటే పనైతే, అది ఇక చాలనడానికి నేనెవర్ని?

ఫిబ్రవరిలో ఒక తుఫాను బయలుదేరిందని ఊళ్ళో కాఫీ షాపు వాళ్ళకి కూడా తెలిసిపోయింది. ఆ పొద్దున్న అల్లుడు వ్యాన్ తాళం చెవులు ఆడిస్తూ, "మామగారూ, వస్తారా?" అన్నాడు. వెళ్ళాం. కొండ మీద గాలికి వ్యాన్ ఊగుతోంది. బైనాక్యులర్స్ ఎత్తి చూశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, పెంచాల్సిన అవసరం లేని సముద్రం. కింద అప్పటికే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు నీళ్ళల్లో ఉన్నారు. నల్లటి గింజల్లా కనిపిస్తున్నారు, ఉన్నట్టుండి కనిపించడం లేదు. బైనాక్యులర్స్ కిందికి దించాను.

"ఎంతుంది?" అన్నాడు.

"ఏముంది, మోకాలెత్తు" అన్నాను.

అతను నా వైపు చూశాడు. మెడ తిరగదు కాబట్టి మనిషి మొత్తం తిరిగి చూశాడు. "మోకాలెత్తా?"

"ఆఁ. అదీ నా మోకాలు. నీది పొడుగు."

గట్టిగా నవ్వాడు. జన్మలో తగ్గించి చెప్పని మనిషి తగ్గించి చెప్పాడంటే అదెంత పెద్దదో అతనికి తెలియదా? ఫ్లాస్కు మూత తిప్పి నాకో కప్పు, తనకో కప్పు టీ పోశాడు. మధ్యాహ్నం దాకా వ్యాన్‌లోనే కూర్చుని కింద వాళ్ళని చూశాం. "వీడు తొందరపడుతున్నాడు", "అబ్బ, బాగా తీసుకున్నాడు" అని తనలో తను అనుకుంటూ ఉన్నాడు. ఒకసారి అతని పాదాలు వ్యాన్ నేల మీద వాటంతటవే బోర్డు మీద ఉన్నట్టు సర్దుకున్నాయి. నేను చూడనట్టు కిటికీలోంచి బయటికి చూశాను. టీ అయిపోయాక ఇంజన్ స్టార్ట్ చేసి, "పెరుగన్నానికి టైమైంది" అని ఇంటికి తీసుకొచ్చేశాడు.

ఆ తర్వాత మళ్ళీ పెద్ద అల ఎక్కలేదు. ఇప్పుడు పిల్లలకి పాఠాలు చెబుతాడు. నిజంగా మోకాలెత్తు నీళ్ళల్లో నిలబడి, ఏడుస్తున్నవాళ్ళ ముక్కులు తుడుస్తాడు. ఒక్క మాటతో అల్లుణ్ణి ఒడ్డుకి తెచ్చిన మామగా అప్పట్నుంచీ ఈ ఇంట్లో నాకో గౌరవం ఉందని నా నమ్మకం. వయసు కూడా సముద్రం లాంటిదేనేమో, వెనకాల ఏం లేస్తోందో నీళ్ళల్లో ఉన్నవాడికి కనిపించదు, కాలం ఎవడో ఒకణ్ణి గట్టు మీద నిలబెట్టి చెప్పిస్తుంది.

ఇక్కడిదాకా రాసి, బాగా వచ్చిందనిపించి, మా ఆవిడకి చదివి వినిపించాను. బఠానీలు ఒలుస్తూ చివరిదాకా విన్నది.

"మీరు ఆపారా? బాగుంది. ముందు రోజంతా మీరు అల్లుడుగారికి ఎలా చెప్పాలా అని అన్నం మానేసి గదిలో తిరిగారు. అది చూడలేక తీసుకెళ్ళారండీ మిమ్మల్ని. ఆ రోజు బోర్డు వ్యాన్‌లో లేనే లేదు. పొద్దున్నే అల్లుడుగారే దాన్ని గరాజ్‌లో రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి నాకు ఇచ్చి వెళ్ళారు, నేను దుప్పట్లు ఆరేసుకున్నాను."