పర్లేదండీ అనే పెద్దాయన

"పర్లేదండీ" అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొల్లేరు దగ్గర చేపల చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసే ఒక పెద్దాయన నోట్లో ఎప్పుడూ ఉండే మాట అది.

వట్లూరులో మా కాలేజీ ల్యాబులో మడమ నొప్పికి కొత్తరకం మెత్తటి సోళ్ళు తయారుచేసి, చెప్పులకి వేయించి, అవి తొడుక్కుని పనిచేయమని ఆయనతోపాటు ఇంకొందరికిచ్చాం. నెలకోసారి పిలిపించి, నున్నటి టైల్స్ మీద నడిపించి, అడుగులు కొలిచేవాళ్ళం. "నొప్పి ఎలా ఉందండీ?" అని అడిగితే ఆయన తల వంచుకుని "పర్లేదండీ" అనేవారు. నేను ఫారంలో 'తగ్గింది' అని రాసేదాన్ని.

మూడో నెలలో ఆయన సోళ్ళని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఒక్క గీత లేదు. మా సారు సంబరపడిపోయారు. "అసలు అరగలేదమ్మా! రీసెర్చ్ పేపర్ రాసేద్దాం!"

నాకు నమ్మకం కుదరక ఆ వారమే చెరువు దగ్గరికెళ్ళాను. ఆయన వట్టి కాళ్ళతో, మడమ నేలకి ఆనకుండా కుంటుతూ బస్తా మోస్తున్నారు. మేమిచ్చిన చెప్పులు పాకలో కవరు చుట్టి వేలాడుతున్నాయి.

"ఖరీదైనవి కదండీ, బురదలో పాడైపోతాయని మీ దగ్గరికి వచ్చేటప్పుడే వేసుకుంటున్నానండీ."

"మరి నొప్పి తగ్గిందని ఎందుకు చెప్పారండీ?" అని అరిచాను.

"తగ్గిందని నేనెప్పుడన్నానండీ? మీరంత ఆదరంగా అడుగుతుంటే, పర్లేదన్నానండీ."

మూడు నెలలు మేం కొలిచింది ఆయన నడకని కాదు, ఆయన మర్యాదని. అదే సారుకి చెబితే, కంప్యూటర్ మీంచి తలెత్తకుండా, "ఒక్క మనిషి కోసం పేపర్ ఆపుతామా? నీ పేరు కూడా వేస్తున్నాను, సరేనా అమ్మా?" అన్నారు.

ఆ కంప్యూటర్ ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. తల వంచుకుని, "పర్లేదండీ" అన్నాను.